అమ్మమ్మ వాళ్ళది డ్యూక్ ఆఫ్ గోర్డన్ వంశమట. నిజమేనా? డీఎన్ఏ రిపోర్టు వచ్చింది

గుంతకల్లు_జంక్షన్
ఎవరికైనా తెలిస్తే చెప్పండి, నెల రోజులుగా ఇంట్లో ఇదే గోల. మా అమ్మమ్మ ఆంగ్లో ఇండియన్. పుట్టింటి పేరు గోర్డన్. గుంతకల్లు రైల్వే కాలనీలో పుట్టింది, వాళ్ళ నాన్న ఇంజన్ డ్రైవరు. వాళ్ళ అమ్మది బిట్రగుంట, వాళ్ళు రాబర్ట్‌సన్‌లు. అమ్మమ్మ మా తాతయ్యని చేసుకుని తెలుగింటి కోడలైంది, అది వేరే పెద్ద కథ.

చిన్నప్పటి నుంచి అమ్మమ్మ చెప్పే మాట ఒకటే. స్కాట్లండులో డ్యూక్ గారికి పెళ్ళి కాని ఆవిడ దగ్గర ఒక కొడుకు పుట్టాడు, ఆయన కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు వచ్చాడు, మనం ఆ కొమ్మ. ఆధారాలేంటయ్యా అంటే: గోడ మీద ఫ్రేము కట్టిన జింక తల బొమ్మ, కింద 'బైడాండ్' అని రాసి ఉంటుంది. ఒక గళ్ళ మఫ్లరు. ఒక పాత బైబిలు, దాని అట్ట లోపల పుట్టుకలూ పెళ్ళిళ్ళూ రాసుకున్నారు. మొదటి పద్దు 1889, అమ్మమ్మ వాళ్ళ తాత పెళ్ళి, మద్రాసులో.

పోయిన వేసవిలో అమ్మ డల్లాస్‌లో మా చెల్లి దగ్గరికి వెళ్తే అక్కడ ఉమ్మి పరీక్ష చేయించారు. స్కాట్లండు 11 శాతం అని వచ్చింది. ఇది డ్యూక్ రక్తమేనా? ఎలా తేల్చుకోవాలి? చెల్లి అప్పుడే వాట్సాప్‌లో పేరు ముందు లేడీ అని పెట్టుకుంది.

మిర్చిబజ్జీ
11 శాతం అంటే వంద గదుల కోటలో పదకొండు గదులు. వంటిల్లు మీ వాటాకి వచ్చిందో లేదో ముందు చూసుకోండి.

వై_క్రోమోజోమ్
ముందు లెక్క చూద్దాం. పెళ్ళి బయట పిల్లలు ఎక్కువగా ఉన్నది నాలుగో డ్యూక్ అలెగ్జాండర్‌కి. ఆయన 1743లో పుట్టి 1827లో పోయాడు. ఆయన కొడుకు, మనవడు, తర్వాత 1889 పెళ్ళికొడుకు, డ్రైవరు తాత, అమ్మమ్మ, అమ్మ. అంటే మీ కథ ప్రకారం మీ అమ్మ ఆరో తరం. తరానికి సగం చొప్పున తగ్గుతూ వస్తే ఆయన నుంచి మీ అమ్మకి చేరేది 64లో ఒక వంతు, సుమారు ఒకటిన్నర శాతం. మీకొచ్చింది 11.

11 అనేది పన్నెండున్నరకి దగ్గర. అంటే 8లో ఒక వంతు. అంటే మీ అమ్మ ముత్తాతల తరంలో ఎవరో ఒకరు అచ్చంగా స్కాట్లండు మనిషి అయి ఉండాలి, లేదా చాలామంది దగ్గర నుంచి కొంచెం కొంచెం వచ్చి ఉండాలి. రెండింట్లో ఏదైనా డ్యూక్ గారికి సంబంధం అక్కర్లేదు.

ఇంకోటి, ఆ శాతాలు రాతి మీద రాసినవి కావు. కంపెనీ తన దగ్గరున్న నమూనాలతో పోల్చి వేసే అంచనా. స్కాట్లండు, ఉత్తర ఐర్లండు ఒకదాన్లో ఒకటి కలిసిపోతుంటాయి. వచ్చే ఏడాది అప్‌డేట్ చేస్తే 7 కావచ్చు, 14 కావచ్చు.

గుంతకల్లు_జంక్షన్
అమ్మమ్మకి చదివి వినిపించాను. "వాడెవడో లెక్కల మాస్టారులా ఉన్నాడు, మా తాత మీసం చూశాడా వాడు?" అంది.

ఎడిన్‌బరా_చలి
ఇక్కడ పన్నెండేళ్ళుగా ఉంటున్నాను, ఈ పిచ్చి నాకూ పట్టింది కాబట్టి నాలుగు ముక్కలు.

డ్యూక్ ఆఫ్ గోర్డన్ అనే బిరుదు 1684లో పుట్టింది, 1836లో అయిదో డ్యూక్ వారసుడు లేకుండా పోవడంతో ఆగిపోయింది. 1876లో రిచ్‌మండ్ డ్యూక్‌కి మళ్ళీ ఇచ్చారు, వాళ్ళు ఆడపడుచు వైపు వాళ్ళు. అక్రమ సంతానానికి బిరుదు రాదు, కాబట్టి చెల్లిగారు లేడీ తీసేయొచ్చు.

అసలు సంగతి ఇంటిపేరుది. పాతకాలంలో అక్కడ దొర ఎవరైతే, ఆ నేల మీద ఉన్న రైతులూ పాలేర్లూ ఆ దొర పేరే పెట్టుకునేవాళ్ళు. గోర్డన్‌లలో 'బో ఓ మీల్ గోర్డన్లు' అని ఒక మాటే ఉంది. దొర బలగం పెంచుకోవడానికి, తన పేరు పెట్టుకున్నవాళ్ళకి ఇంత చొప్పున ఓట్స్ పిండి కొలిచి ఇచ్చాడని. ఫ్రేజర్లని ఇంకో వంశం, వాళ్ళ గురించీ ఇదే కథ చెప్తారు. గోర్డన్ అన్న పేరుంటే దొర బిడ్డ కావచ్చు, దొర పిండి తిన్నవాడి బిడ్డా కావచ్చు. రెండోవాళ్ళే ఎక్కువ.

మిర్చిబజ్జీ
ఓట్స్ పిండి ఇస్తే ఇంటిపేరు మార్చుకోవడమా! మన దగ్గర ఓట్లకి బిర్యానీ పొట్లం ఇచ్చినా పార్టీ కండువా ఒక్క పూటే.

రిటైర్డ్_తహసీల్దార్
ఎడిన్‌బరా గారు చెప్పింది మనకి కొత్తేమీ కాదు. ఒకే ఇంటిపేరు, నాలుగు గోత్రాలు. ఊరి పేరే ఇంటిపేరైన చోట అంతే. నా సర్వీసులో ఇంటిపేరు కలిసింది కదా అని దాయాదులమంటూ వాటాకి వచ్చినవాళ్ళని చాలామందిని చూశాను. వంశవృక్షం చూపించు అంటే తెల్లకాగితం మీద నిన్న రాసిన వృక్షం తెచ్చేవాళ్ళు, సిరా కూడా ఆరేది కాదు.

బాబూ, ఆ బైబిలులో 1889 పద్దు ఆనాడే రాసిందా, తర్వాత ఎవరో ఒక్క రోజు కూర్చుని పాతవన్నీ ఒకే కలంతో రాశారా చూడండి. ఒకే సిరా, ఒకే చేతిరాత అయితే అది గుర్తు చేసుకుని రాసింది. రికార్డు కాదు.

గుంతకల్లు_జంక్షన్
తహసీల్దారు గారూ, చూశాను. మొదటి తొమ్మిది పద్దులూ ఒకే చేతిరాత. మీరు ఇంకా సర్వీసులో ఉంటే మా పని అయిపోయేది.

ఎడిన్‌బరా_చలి
ఆ జింక తల బొమ్మ గురించి కూడా. అది గోర్డన్ అధిపతి చిహ్నం. చుట్టూ బెల్టు, బకిల్ ఉన్నట్టు ఉంటే అది అధిపతి మనుషులు పెట్టుకునే బ్యాడ్జీ, ఎవరైనా కొనుక్కోవచ్చు, ఇక్కడ ప్రతి టూరిస్టు కొట్టులో వేలాడుతుంటుంది. అసలు కోట్ ఆఫ్ ఆర్మ్స్ ఇంటిపేరుకి ఉండదు, ఒక్క మనిషికే ఉంటుంది. ఎడిన్‌బరాలో లార్డ్ లయన్ కోర్టు అని ఒకటుంది, 1672 నుంచి ఆ రిజిస్టరు నడుస్తోంది. ఇంకొకరి చిహ్నం వాడుకుంటే కేసు పెట్టే అధికారం కూడా ఉంది ఆ కోర్టుకి.

మిర్చిబజ్జీ
అమ్మమ్మ గారి గోడ మీదకి సమన్లు వస్తాయన్నమాట. పిన్‌కోడ్ గుంతకల్లు.

డల్లాస్_బుజ్జి
అంటే లార్డ్ అవ్వాలంటే దారే లేదా? నా ఫ్రెండ్‌కి పుట్టినరోజుకి వాళ్ళావిడ స్కాట్లండులో ఒక చదరపు అడుగు నేల కొనిచ్చింది. సర్టిఫికెట్ మీద లేర్డ్ (అంటే అక్కడ భూస్వామి) అని ఉంది. క్రెడిట్ కార్డు మీద కూడా వేయించుకున్నాడు.

రిటైర్డ్_తహసీల్దార్
చదరపు అడుగా? సరిహద్దు రాళ్ళు పాతడానికే చాలదు కదమ్మా.

ఎడిన్‌బరా_చలి
చట్టప్రకారం అలాంటి సావనీరు ముక్కల్ని ఇక్కడి భూమి రిజిస్టరులో ఎక్కించరు. లార్డ్ లయన్ కూడా ఆ పేరుని గుర్తించడు. బహుమతిగా బాగుంటుంది, అంతవరకే. తహసీల్దారు గారికి నచ్చే విషయం ఒకటి: ఇక్కడ భూమి చేతులు మారిన పద్దులు 1617 నుంచి వరసగా ఉన్నాయి. సేసిన్స్ రిజిస్టరు అంటారు. 1868 దాకా భూమిని వీలునామాలో రాయడానికి వీల్లేదు, వీలునామా లేకపోతే 1964 దాకా భూమి పెద్దకొడుక్కే. అందుకని ఎవడి తర్వాత ఎవడు అన్నది ఆస్తి కాగితాల్లో దొరికినంత బాగా చర్చి కాగితాల్లో దొరకదు.

రిటైర్డ్_తహసీల్దార్
1617 నుంచా! మా డివిజన్లో 1954 పహాణీ దొరికితే పండగ చేసుకునేవాళ్ళం. చెదలు తినగా మిగిలింది రికార్డు.

నిజం_చెప్తా
అందరూ సరదాగా మాట్లాడుతున్నారు కానీ ఒక ప్రశ్న. తెల్లవాడి రక్తం ఒక చుక్క ఉందని నిరూపించుకోవడానికి ఇంత తాపత్రయం ఎందుకు? మిగతా 89 శాతం ఎవరిదో ఎవరూ అడగలేదు ఈ దారంలో.

లాలాగూడ_అమ్మాయి
నిజం_చెప్తా గారూ, నేనూ ఆంగ్లో ఇండియన్నే, సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాను. మీ ప్రశ్న తప్పు కాదు. కానీ మా ఇళ్ళల్లో ఆ కథలు గొప్పకోసమే పుట్టలేదు. ఇటు వాళ్ళు వెక్కిరించేవాళ్ళు, అటు ఇంగ్లండు వాళ్ళు దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. 1791లో కంపెనీ మావాళ్ళకి పెద్ద ఉద్యోగాలు మూసేసింది. మధ్యలో ఉన్నవాడు పట్టుకోవడానికి ఒక పేరు కావాలి కదా. మా నానమ్మ కూడా మాది ఏదో ఎర్ల్ వంశం అనేది. చూస్తే మా తాత తండ్రి ఐరిష్ సిపాయి, నిశానీ వేసిన మనిషి.

89 శాతం ఎవరిదో తెలీకపోవడానికి కారణం కూడా ఆ రిజిస్టర్లే. పాత బాప్తిజం పద్దుల్లో తండ్రి పేరు, రెజిమెంటు, హోదా అన్నీ ఉంటాయి. తల్లి దగ్గర చాలాసార్లు 'నేటివ్ స్త్రీ' అని ఒక ముక్క. పేరు లేదు. ఆవిడే కదా మన మనిషి.

నిజం_చెప్తా
ఇది నాకు తెలీదు. సరే, అడిగినందుకు ఏమీ అనుకోవద్దు.

కోఠీ_కబుర్లు
తల్లి పేరు పోయినా పోకపోయినా, పిల్లల పేర్లే మార్చేసిన కేసు మన హైదరాబాద్‌లోనే ఉంది కదా. నిజాం దగ్గర కంపెనీ ప్రతినిధి (రెసిడెంటు) జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్, ఆయన భార్య ఖైరున్నీసా. కొడుకు సాహిబ్ ఆలం, కూతురు సాహిబ్ బేగం. 1805లో చిన్నపిల్లలుగా ఓడ ఎక్కించారు, 1806లో లండన్‌లో బాప్తిజం ఇచ్చి విలియం జార్జ్, క్యాథరిన్ అరోరా అని పెట్టేశారు. తల్లి మళ్ళీ వాళ్ళని చూడలేదు. ఇప్పుడు ఎవరైనా సాహిబ్ బేగం పేరుతో ఇంగ్లండు రిజిస్టర్లు వెతికితే ఏం దొరుకుతుంది? కిర్క్‌పాట్రిక్‌లు కూడా మేము డంఫ్రీస్ వైపు క్లోజ్‌బర్న్ కిర్క్‌పాట్రిక్‌లమని చెప్పుకున్నవాళ్ళే.

కైఫీయత్
స్కాట్లండు వాళ్ళు, వంశవృక్షాలు అన్నారు కాబట్టి మా మెకంజీ దొరని తలుచుకోకపోతే పాపం. కోలిన్ మెకంజీ, లూయిస్ దీవిలో స్టోర్నొవే ఊరు. ఆయన ఇక్కడికి రావడానికి ఒక కారణమే వంశచరిత్ర: లాగరిథమ్స్ కనిపెట్టిన జాన్ నేపియర్ జీవితచరిత్ర కోసం నేపియర్ ప్రభువుల ఇంట్లో పని మొదలుపెట్టి, హిందూ గణితం మీద ఆసక్తి పెంచుకున్నాడు. చివరికి కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల్ని పెట్టుకుని మన ఊళ్ళ కరణాల దగ్గర కైఫీయతులు రాయించాడు. మా కడప వైపు చాలా ఊళ్ళకి ఆ కైఫీయతే పాత చరిత్ర. వాటిలోనూ ప్రతి పాళెగాడూ తన వంశాన్ని చంద్రుడి దాకానో సూర్యుడి దాకానో తీసుకెళ్తాడు. డ్యూక్ దగ్గర ఆగిన మీ అమ్మమ్మ గారు ఎంతో నయం.

పాత_రికార్డుల_పిచ్చి
కథలు బాగున్నాయి కానీ జంక్షన్ గారికి దారి ఎవరూ చెప్పలేదు. అందరూ చేసే తప్పు స్కాట్లండు నుంచి మొదలుపెట్టడం. డ్యూక్ దగ్గర నుంచి కిందికి రావద్దు, అమ్మమ్మ దగ్గర నుంచి పైకి వెళ్ళండి. ఒక్కో మెట్టుకి ఒక కాగితం. కాగితం లేని మెట్టు దాటొద్దు.

మీ మొదటి కాగితం 1889 పెళ్ళి. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల బాప్తిజాలు, పెళ్ళిళ్ళు, ఖననాల నకళ్ళు లండన్‌కి వెళ్ళేవి. ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి, మద్రాసు వరస ఎన్/2. ఇంటర్నెట్లో కూడా చాలావరకు పెట్టారు. ఫిబిస్ అని బ్రిటిష్ ఇండియా కుటుంబాల సంఘం ఉంది, వాళ్ళ సూచీ ఉచితం. ఆ పెళ్ళి పద్దులో పెళ్ళికొడుకు తండ్రి పేరు అని ఒక గడి ఉంటుంది. మొత్తం మీ కేసు ఆ గడిలో ఉంది. అది నిండా పేరూ ఇంటిపేరూ అయితే ఇంకో మెట్టు ఎక్కండి. కేథలిక్‌లైతే మాత్రం ఆ చర్చిలోనే అడగాల్సి రావచ్చు.

స్కాట్లండు దాకా చేరితే అక్కడ పని సుఖం. 1855 నుంచి ప్రభుత్వ రిజిస్ట్రేషన్, అంతకు ముందు పారిష్ రిజిస్టర్లు, అన్నీ స్కాట్లండ్స్ పీపుల్ అనే ఒకే సర్కారు సైట్లో.

ఎడిన్‌బరా_చలి
పైదానికి తోక: 1855 సంవత్సరం సర్టిఫికెట్ దొరికితే లాటరీ. మొదటి ఏడాది ఉత్సాహంలో తల్లిదండ్రుల వయసు, పుట్టిన ఊరు, ముందు పుట్టిన పిల్లలు అన్నీ రాయించారు. గుమాస్తాలు గోల పెడితే 1856లో తగ్గించేశారు.

రిటైర్డ్_తహసీల్దార్
ఆ గుమాస్తాల బాధ నాకు అర్థమైంది.

వై_క్రోమోజోమ్
డీఎన్ఏ వైపు కూడా దారి చెప్తాను. మీ అమ్మ చేయించుకున్నది అన్ని వైపులా కలిపి చూసే పరీక్ష. గోర్డన్ అన్న పేరు తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది కాబట్టి దానికి జోడీ వై క్రోమోజోమ్. అది మీ అమ్మకి ఉండదు, మీకున్నది మీ నాన్నది. గోర్డన్ పేరున్న మగవాడు కావాలి. అమ్మమ్మకి అన్నదమ్ములున్నారా?

గుంతకల్లు_జంక్షన్
ఒక అన్న. 1960ల్లో ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు, పోయారు కూడా. వాళ్ళబ్బాయి పెర్త్‌లో ఉన్నారు, డెబ్భై ఏళ్ళు. పెర్త్ అంకుల్ అంటాం. అడిగి చూస్తాను. ఆయన ఇంటి గేటుకి కూడా జింక తల ఉంది.

ఎడిన్‌బరా_చలి
చేయించే ముందు ఒక మెలిక వినండి, లేకపోతే రిపోర్టు వచ్చాక తన్నుకుంటారు. డ్యూక్‌ల వంశం మగవరసలో గోర్డన్‌లే కాదు! 1402లో హోమిల్డన్ హిల్ యుద్ధంలో సర్ ఆడం గోర్డన్ చచ్చిపోతే కూతురు ఎలిజబెత్ ఒక్కతే మిగిలింది. ఆవిడని అలెగ్జాండర్ సీటన్ చేసుకున్నాడు. వాళ్ళ కొడుకు 1445లో హంట్లీ ఎర్ల్ అయ్యాడు, తర్వాత గోర్డన్ పేరు పెట్టుకున్నాడు. డ్యూక్‌లు ఆ వరస. అంటే వై క్రోమోజోమ్ లెక్కన డ్యూక్‌లందరూ సీటన్‌లు. పాత గోర్డన్‌ల మగవరస అంటే 'జాక్, టాం' గోర్డన్‌లని ఇంకో కొమ్మ, వాళ్ళు ఆడం గారి దగ్గరి బంధువులు.

కైఫీయత్
ఇల్లరికం! సీటన్ ఇల్లరికపు అల్లుడు!

రిటైర్డ్_తహసీల్దార్
ఆస్తి వచ్చింది కాబట్టి ఇంటిపేరు మార్చుకున్నాడు. ఇందులో వింతేముంది, మా గోదావరి జిల్లాలో వీధికొకడు.

మిర్చిబజ్జీ
అయితే పెర్త్ అంకుల్‌కి గోర్డన్‌లతో కలిస్తే డ్యూక్ కాదు, గోర్డన్‌లతో కలవకపోతే డ్యూక్ కావచ్చు. నాకు తల తిరుగుతోంది, అమ్మమ్మ గారికి ఇది చెప్పే బాధ్యత ఎవరిది?

వాయిదా_వకీలు
డీఎన్ఏ వల్ల నిజంగా బిరుదు చేతులు మారిన కేసు ఉంది. ప్రింగిల్ ఆఫ్ స్టిచిల్ వాళ్ళ వంశపారంపర్య బిరుదు, బారోనెట్‌సీ. 1683లో రెండో చార్లెస్ ఇచ్చింది, మగవరస వారసులకి. పదో బారోనెట్ బతికుండగా ప్రింగిల్ ఇంటిపేరు వాళ్ళ డీఎన్ఏ ప్రాజెక్టుకి నమూనా ఇచ్చాడు. 2013లో ఆయన పోయాక కొడుకు బిరుదుకి వచ్చాడు, దాయాది ఒకాయన అడ్డుపడ్డాడు. పోలిస్తే తేలిందేమిటంటే తొమ్మిదో బారోనెట్ ఎనిమిదో ఆయన కొడుకే కాడు! 2016 జూన్‌లో ప్రివీ కౌన్సిల్ (అక్కడి పై కోర్టు) ఆ సాక్ష్యం చెల్లుతుందని చెప్పి ఎనిమిదో ఆయన రెండో కొడుకు వరసకి ఇచ్చేసింది. వందేళ్ళ తర్వాత, పాపం.

నీతి కాదు, సలహా: పెర్త్ అంకుల్‌కి కిట్ పంపే ముందు ఏం బయటపడొచ్చో చెప్పి పంపండి.

ఒంగోలు_గిత్త
మధ్యలో దూరుతున్నా. నాకు వై రిపోర్టులో ఆర్1ఏ అనే గ్రూపు వచ్చింది. స్కాట్లండు దీవుల రాజు సోమర్లెడ్‌ది కూడా ఆర్1ఏ అని ఎక్కడో చదివాను. మెక్‌డొనాల్డ్ అధిపతులందరూ ఆయన వంశమేనట. మరి నేను?

వై_క్రోమోజోమ్
చదివింది నిజమే, 1164లో పోయిన సోమర్లెడ్ మగవరసగా చెప్పుకునే మెక్‌డొనాల్డ్, మెక్‌డుగల్, మెక్‌అలిస్టర్ కుటుంబాల్లో ఆర్1ఏ తేలింది. కానీ వాళ్ళది నార్వే వైపు కొమ్మ, జెడ్284. మన దేశంలో కనిపించేది జెడ్93. రెండు కొమ్మలూ విడిపోయి సుమారు అయిదు వేల ఏళ్ళు. మీరు ఆయనకి చుట్టం కాదనను.

ఒంగోలు_గిత్త
చాలు. రేపటి నుంచి మెక్‌గిత్త.

డల్లాస్_బుజ్జి
ప్రిన్స్ విలియంకి ఇండియా రక్తం ఉందని 2013లో వచ్చిందే, అది కూడా స్కాట్లండు వాడి వల్లేగా?

లాలాగూడ_అమ్మాయి
అవును. థియోడోర్ ఫోర్బ్స్ అని అబర్డీన్‌షైర్ నుంచి సూరత్‌కి వచ్చిన వ్యాపారి, ఆయన ఇంట్లో ఉన్న ఎలైజా కెవార్క్. కూతురు కిట్టీని చిన్నప్పుడే స్కాట్లండు పంపేశారు, విలియం వాళ్ళ అమ్మ డయానాది ఆ కిట్టీ వరస. ఎలైజాది ఆర్మేనియా అని ఇంట్లో చెప్పుకున్నారు, తల్లి వైపు డీఎన్ఏ చూస్తే ఆర్30బి అనే గ్రూపు, ఇండియాలో తప్ప దాదాపు కనపడనిది. అక్కడ దాచింది అమ్మమ్మని, ఇక్కడ చూపించేది డ్యూక్‌ని.

గుంతకల్లు_జంక్షన్
నాలుగు నెలలైంది, దారం పైకి తెస్తున్నాను. రెండూ వచ్చాయి.

ముందు 1889 కాగితం. దొరికింది. పెళ్ళికొడుకు గోర్డన్, రైల్వే ఫైర్‌మన్. తండ్రి పేరు గడిలో 'డేవిడ్'. అంతే. ఇంటిపేరు లేదు. పెళ్ళికూతురి తండ్రికి మాత్రం పేరూ ఇంటిపేరూ రెండూ ఉన్నాయి, పోర్చుగీసు పేరు.

పెర్త్ అంకుల్ వై రిపోర్టు: గ్రూపు హెచ్. మ్యాచ్‌లు మూడే ఉన్నాయి, దూరపువి. ఇద్దరు తెలుగువాళ్ళు, ఒక తమిళాయన. గోర్డన్ ఒక్కడు కూడా లేడు. సీటన్ కూడా లేడు.

మిర్చిబజ్జీ
జోకు వేద్దామని వచ్చి ఆగిపోయాను.

వై_క్రోమోజోమ్
హెచ్ గ్రూపు ముఖ్యంగా మన ఉపఖండానిది. రోమా (జిప్సీ) జనంతో యూరప్‌కీ కొంత వెళ్ళింది కానీ మ్యాచ్‌లు ఇక్కడివే కాబట్టి ఆ అనుమానం అక్కర్లేదు. ఆ గోర్డన్ తాత మగవరస ఇక్కడిదే. ఎలా అయిందన్నది ఈ పరీక్ష చెప్పదు. పేరు మార్చుకుని ఉండొచ్చు, పెంపకం కావచ్చు, ఇంకోలా కావచ్చు.

పాత_రికార్డుల_పిచ్చి
కాగితం కొంత చెప్తోంది. ఆ రిజిస్టర్లలో ఇంటిపేరు లేని ఒంటిపేరు క్రైస్తవుడు అంటే చాలావరకు ఈ ఊరి మనిషే. డేవిడ్ కొడుకు గోర్డన్ ఎలా అయ్యాడంటే, దొర పేరో పాదిరి పేరో పై అధికారి పేరో.

లాలాగూడ_అమ్మాయి
రైల్వేలో ఆ రోజుల్లో డ్రైవరు, గార్డు పోస్టులు ఎక్కువగా యూరోపియన్లకీ మావాళ్ళకీ. జీతం వేరు, క్వార్టర్స్ వేరు. కొంచెం తెల్లగా ఉండి ఇంగ్లీషు వచ్చి చర్చికి వెళ్ళే కుర్రాడు ఒక స్కాట్లండు పేరు పెట్టుకున్నాడంటే నేను తప్పు పట్టను. మా కాలనీలో అలాంటి ఇళ్ళు రెండు మూడు అందరికీ తెలుసు, ఎవరూ అనేవాళ్ళు కాదు.

ఎడిన్‌బరా_చలి
అంటే బో ఓ మీల్ గోర్డనే. పిండి బదులు ఫైర్‌మన్ జీతం.

రామబాణం99
ఆ ఇద్దరు తెలుగు మ్యాచ్‌ల ఇంటిపేర్లేంటి? దాన్ని బట్టి కులం...

మోడరేటర్
రామబాణం99, ఆపండి. ఆ దారి పట్టిస్తే దారానికి తాళం వేస్తాను.

వాయిదా_వకీలు
ఎవరూ గమనించని చిక్కు ఒకటి. రాజ్యాంగం 366(2) ప్రకారం ఆంగ్లో ఇండియన్ అంటే తండ్రి గాని, మగవరసలో పూర్వీకుడెవరైనా గాని యూరోపియన్ సంతతి అయి ఉండాలి. మగవరసలో మాత్రమే. అంకుల్ రిపోర్టు ప్రకారం గోర్డన్‌లు చట్టరీత్యా ఆంగ్లో ఇండియన్లే కారు!

లాలాగూడ_అమ్మాయి
వకీలు గారూ, ఆ నిర్వచనం మా అమ్మల్నీ అమ్మమ్మల్నీ లెక్కలోకే తీసుకోదు. చట్టసభల్లో నామినేటెడ్ సీట్లు కూడా 2020లో పోయాయి. ఇంకా ఆ నిర్వచనం పట్టుకుని ఎవరిని బయటికి పంపుతారు? ఆవిడ చేసే బాల్ కర్రీ తిని చెప్పండి ఆంగ్లో ఇండియనా కాదా.

నిజం_చెప్తా
అమ్మమ్మ గారికి చెప్పారా?

గుంతకల్లు_జంక్షన్
చెప్పాను. వారం ఆగి, ఆదివారం చర్చి నుంచి వచ్చాక, మెల్లగా. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "డేవిడ్ అంటే దావీదు. మా నాన్న నిద్రలో తెలుగులో కలవరించేవాడు, మా అమ్మ కసురుకునేది" అంది. ఇన్నేళ్ళలో ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు. జింక తల తీసేయనా అంటే మఫ్లరు విసిరింది నా మీద. బొమ్మ అక్కడే ఉంది.

పెర్త్ అంకుల్ మాత్రం కంపెనీ వాళ్ళు సీసాలు మార్చేశారని ఫిర్యాదు రాస్తున్నారు.

వై_క్రోమోజోమ్
అదంతా సరే, నా మొదటి ప్రశ్న అలాగే ఉంది. మీ అమ్మ 11 శాతం ఎక్కడి నుంచి వచ్చింది? గోర్డన్ వైపు నుంచి రాలేదంటే?

పాత_రికార్డుల_పిచ్చి
మొదటి పోస్టు మళ్ళీ చదవండి అందరూ. "వాళ్ళ అమ్మది బిట్రగుంట, వాళ్ళు రాబర్ట్‌సన్‌లు." ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు, మనమూ వదిలేశాం. జంక్షన్ గారూ, ఆ రాబర్ట్‌సన్ తాత ఎవరు?

గుంతకల్లు_జంక్షన్
అమ్మమ్మని అడిగాను. "ఆయనా? బాయిలర్ ఫిట్టరు. డండీ నుంచి వచ్చాడు. తాగుబోతు. ఆయన గురించి ఎందుకు?" అంది.

ఎడిన్‌బరా_చలి
డండీలో 1855 తర్వాత పుట్టి ఉంటే సర్టిఫికెట్ అరగంటలో దొరుకుతుంది. పేరు, సుమారు వయసు పంపండి, వీలు చూసుకుని రిజిస్టర్ హౌస్‌కి వెళ్ళి చూస్తాను.

డల్లాస్_బుజ్జి
ఆగండాగండి. రాబర్ట్‌సన్‌లంటే క్లాన్ డొనహీ కదా? అథోల్ పాత ఎర్ల్‌ల వంశమని చదివాను...

మిర్చిబజ్జీ
చెల్లిగారికి చెప్పండి, లేడీ ఇప్పుడే తీసేయొద్దని.